కుర్రాడొక్కడు, ఆశలు డెబ్బై వేలు

ఈ పూట ఫుట్‌బాల్ అభిమానుల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. తమ క్లబ్బులోకి ఓ కుర్ర ఫార్వర్డ్ వస్తున్నాడని తెలిసిన రోజు నుంచి వాళ్ల మనసులో ఏం జరుగుతుంది? ఎక్కడో పుట్టి ఎక్కడో పెరిగిన పద్దెనిమిదేళ్లవాడి మీద వేలమంది పెట్టుకున్న ఆశ చివరికి ఏమవుతుంది? అది ఫలించినప్పుడు ఆ గొప్ప ఎవరిది, ఎండిపోయినప్పుడు ఆ తప్పు ఎవరిది?

యూరప్ క్లబ్బులు ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి ఏడాదిలో రెండు విడతలే ఉంటాయి. ఒకటి వేసవిలో, ఇంకొకటి జనవరిలో. వేసవి విడత సాధారణంగా ఆగస్టు ఆఖరుకో సెప్టెంబరు ఒకటికో ముగుస్తుంది. ఆ ఆఖరి రోజున అభిమానులకు కంటిమీద కునుకుండదు. ఎవరు విమానం దిగారు, ఎవరు వైద్య పరీక్షకు వెళ్లారు, ఎవరి సంతకం ఇంకా మిగిలింది అని అర్ధరాత్రి దాకా ఆరా తీస్తూనే ఉంటారు. ఈ ఆరాటం మాంచెస్టర్‌లోనో లండన్‌లోనో పుట్టినవాళ్లకే పరిమితం కాదు. వరంగల్ హాస్టల్ గదిలో ఎర్ర జెర్సీ తొడుక్కుని ఫోన్ పట్టుకు కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడిదీ అదే ఆరాటం. ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్ మనకు రాత్రి పన్నెండున్నరకో ఒంటిగంటన్నరకో మొదలవుతుంది. పొద్దున్నే క్లాసుందని తెలిసీ మేలుకొని చూసేవాడికి ఆ క్లబ్బు పరాయిదెలా అవుతుంది?

క్లబ్బు ఒక డిఫెండర్‌ను కొంటే అభిమాని "మంచిదే" అంటాడు. గోల్‌కీపర్‌ను కొంటే, అవసరమేలే అని తలాడిస్తాడు. ఫార్వర్డ్‌ను కొంటే, అందులోనూ ఇరవై నిండనివాణ్ణి కొంటే, వెంటనే లెక్కలు మొదలుపెడతాడు. ఏడాదికి ఇరవై గోల్స్ అనుకుందాం, పదేళ్లు ఆడతాడు, అంటే రెండొందలు. రెండొందల గోల్స్ అంటే ఎన్ని కప్పులు? ఆ కుర్రాడు ఇంకా ఊళ్లో ఇల్లు కూడా చూసుకోలేదు. ఇక్కడ మాత్రం అతని రిటైర్మెంట్ నాటి రికార్డు సిద్ధమైపోయింది.

ఆ తర్వాత పోలికలు మొదలవుతాయి. "వీడు మరో హెన్రీ రా" అంటాడొకడు. "ముందు ఒక్క గోల్ కొట్టనీరా బాబూ" అంటాడు పక్కవాడు, గతంలో దెబ్బతిన్నవాడు. ఆ రెండోవాడు పైకి అలా అంటాడే గానీ, పాత గోల్స్ వీడియోలన్నీ వాడూ రాత్రికి రాత్రే చూసేసి ఉంటాడు. పోలిక ఎప్పుడూ వెళ్లిపోయినవాడితోనే. క్లబ్బును వదిలిన, లేదా వయసుడిగిన పాత హీరో ఎవరో ఒకరుంటారు. ఆ ఖాళీ కొత్తవాడి కాళ్లతో నిండాలని అభిమాని కోరిక. ఆ పాత హీరో కూడా మొదట్లో తడబడినవాడేనన్న సంగతి ఆ వేడిలో ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు ఒకే క్లబ్బుకు వచ్చిన ముగ్గురు కుర్రాళ్ల కథ చూద్దాం. క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్. మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్. ముగ్గురూ ఫార్వర్డ్‌లే, ముగ్గురూ ఇరవై, ఆ లోపు వయసువాళ్లే. ముగ్గురి మీదా పెద్ద మొత్తమే ఖర్చయింది.

మొదటివాడు వేన్ రూనీ. లివర్‌పూల్ నగరంలో పుట్టి, అక్కడి ఎవర్టన్ క్లబ్బులో పెరిగాడు. 2002 అక్టోబరులో, పదిహేడో పుట్టినరోజుకు అయిదు రోజుల ముందు, ఆర్సెనల్ మీద చివరి నిమిషంలో దూరం నుంచి కొట్టిన గోల్‌తో దేశమంతటికీ తెలిసిపోయాడు. లీగ్‌లో 30 మ్యాచ్‌లుగా ఓటమి ఎరగని ఆర్సెనల్ ఆ గోల్‌తో ఓడింది. రెండేళ్ల తర్వాత యూరో కప్‌లో ఇంగ్లండ్ తరఫున నాలుగు గోల్స్ కొట్టి, పాదం ఎముక విరిగి ఇంటికొచ్చాడు. 2004 ఆగస్టు 31న, గడువు ముగిసే రోజున, యునైటెడ్ అతణ్ణి 2 కోట్ల 50 లక్షల పౌండ్లకు పైగా ఇచ్చి తెచ్చుకుంది. అప్పటికతనికి పద్దెనిమిదేళ్లు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఒక క్లబ్బు అభిమానులకు ఆశ చిగురించిన రోజునే ఇంకో క్లబ్బు అభిమానుల గుండె పగులుతుంది. ఎవర్టన్ జెర్సీ రంగు నీలం. ఒకసారి నీలమైతే ఎప్పటికీ నీలమేనని రాసున్న బనియన్‌ను కుర్రాళ్ల కప్ ఫైనల్లో జెర్సీ ఎత్తి చూపించినవాడు రూనీ. ఆ బనియన్‌ను ఎవర్టన్ అభిమానులు చాలా ఏళ్లు మరిచిపోలేదు. తిరిగొచ్చి ఆడిన ప్రతిసారీ ఈలలు, తిట్లు.

యునైటెడ్‌లో మాత్రం ఎదురుచూపు ఒక్క రాత్రిలో తీరిపోయింది. 2004 సెప్టెంబరు 28న టర్కీ క్లబ్బు ఫెనర్‌బాచెతో ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్. రూనీకి ఎర్ర జెర్సీలో అదే మొదటి ఆట. మూడు గోల్స్ కొట్టాడు, మూడోది ఫ్రీ కిక్. మ్యాచ్ 6-2. ఎంతటి ఆశావాదైనా తొలి ఆటలో హ్యాట్రిక్ అడగడు. అడగనిదే దొరికింది. పదమూడేళ్లు గడిచి, 2017లో అతను వెళ్లిపోయేనాటికి క్లబ్బు తరఫున 253 గోల్స్. బాబీ చార్ల్‌టన్ పేరిట దశాబ్దాలుగా ఉన్న 249 గోల్స్ రికార్డు అతని వెనకే ఉండిపోయింది.

రెండోవాడు ఆంథొనీ మార్షియాల్. ఫ్రాన్స్ కుర్రాడు, మొనాకో నుంచి వచ్చాడు. 2015 సెప్టెంబరు ఒకటి, మళ్లీ గడువు ముగిసే రోజే. వయసు పంతొమ్మిది. ముందుగా చెల్లించింది 3 కోట్ల 60 లక్షల పౌండ్లు. షరతులన్నీ నెరవేరితే అది ఇంకా చాలా పెరుగుతుంది. ఇరవై లోపు కుర్రాడికి అప్పటిదాకా ఎవరూ అంత ఇచ్చిందిలేదు. ఇంగ్లండ్‌లో అతని పేరు విన్నవాళ్లు తక్కువ. డబ్బు తగలేశారని పత్రికలు ఎగతాళి చేశాయి.

పదకొండు రోజుల తర్వాత లివర్‌పూల్‌తో మ్యాచ్. యునైటెడ్ అభిమానికి ఏడాదంతటిలో ఇంతకు మించిన మ్యాచ్ ఉండదు. గ్యాలరీల్లో సుమారు 75 వేల మంది. రెండో సగంలో మార్షియాల్‌ను సబ్‌స్టిట్యూట్‌గా దించారు. 86వ నిమిషంలో ఎడమవైపు బంతి అందుకున్నాడు, డిఫెండర్‌ను దాటాడు, తొందర లేకుండా బంతిని అవతలి మూలకు పంపాడు. 3-1. ఆ తర్వాతి వారం సౌతాంప్టన్ మీద రెండు గోల్స్. వారాల్లోనే అభిమానులు అతని మీద పాట కట్టేశారు. ఆ పాటలో తమాషా ఏమిటంటే, పత్రికల ఎగతాళినే తీసుకుని పత్రికల మీదికి తిప్పికొట్టారు. ఆ సీజన్‌లో అతను 17 గోల్స్ కొట్టాడు. ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో ఎవర్టన్ మీద చివరి క్షణాల్లో గెలుపు గోల్ అతనిదే. ఆ కప్పు కూడా యునైటెడ్‌కే వచ్చింది.

రూనీ కథలాగే మొదలైంది కదా. మరి ఎలా ముగిసింది? 2024లో ఒప్పందం గడువు తీరి, చప్పుడు లేకుండా వెళ్లిపోయాడు. తొమ్మిది సీజన్లలో 317 మ్యాచ్‌లు, 90 గోల్స్. మధ్యలో ఒక సీజన్‌లో, 2019-20లో, 23 గోల్స్ కొట్టాడు. ఆ సీజన్‌లోనే షెఫీల్డ్ యునైటెడ్ మీద హ్యాట్రిక్ చేశాడు. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ వెళ్లాక ప్రిమియర్ లీగ్‌లో ఆ క్లబ్బు ఆటగాడు చేసిన మొదటి హ్యాట్రిక్ అదే. కరోనా రోజులవి. స్టేడియంలో ఒక్క ప్రేక్షకుడు లేడు. అయిదేళ్లుగా అభిమానులు ఎదురుచూసిన రోజు వచ్చింది గానీ, కేకలేయడానికి వాళ్లే అక్కడ లేకపోయారు.

మూడోవాడు రాస్మస్ హోయ్‌లండ్. డెన్మార్క్ కుర్రాడు, ఇటలీ క్లబ్బు అటలాంటా నుంచి 2023 ఆగస్టులో వచ్చాడు. వయసు ఇరవై. ధర 6 కోట్ల 40 లక్షల పౌండ్లు, షరతులు నెరవేరితే ఇంకో 80 లక్షలు. వచ్చేటప్పటికే నడుము నొప్పి. ఛాంపియన్స్ లీగ్‌లో గోల్స్ కొడుతూనే ఉన్నాడు, గ్రూపు దశలో ఆరు మ్యాచ్‌ల్లో అయిదు. ప్రిమియర్ లీగ్‌లో మాత్రం ఆగస్టు పోయింది, దసరా పోయింది, దీపావళి పోయింది, గోల్ లేదు. వారం వారం గోల్స్ సున్నా అనే వార్త. చివరికి డిసెంబరు 26న ఆస్టన్ విల్లా మీద 0-2తో వెనకబడ్డ మ్యాచ్‌లో, జట్టు 2-2కు చేరుకున్నాక, గెలుపు గోల్ కొట్టాడు. ఆ రోజు అతని అరుపు, పరుగు చూసినవాళ్లకు నాలుగు నెలల దిగులు ఎంతటిదో తెలిసింది. ఆ మ్యాచ్‌తో మొదలుపెట్టి తాను ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌ల్లో వరసగా గోల్ కొట్టి, అలా చేసినవాళ్లలో ప్రిమియర్ లీగ్ చరిత్రలోనే అందరికన్నా చిన్నవాడయ్యాడు. ఇక ఫరవాలేదనుకున్నారు. మరుసటి సీజన్‌లో లీగ్ గోల్స్ నాలుగే. 2025లో అతణ్ణి లోన్ మీద ఇటలీలోని నాపోలికి పంపేశారు.

ఒకే మైదానం, ఒకే రంగు జెర్సీ, ఒకే రకం ఆశ. ఫలితాలు మాత్రం మూడు రకాలు. సులువైన జవాబు ఒకటుంది. రూనీ మేటి, మిగతా ఇద్దరూ అంతటివాళ్లు కారు అని. అందులో కొంత నిజముంది, కాదనను. మార్షియాల్‌ను గాయాలు వెంటాడాయి. పరుగులో చురుకు చాలదని చూసేవాళ్లు విసుక్కునేవారు. అయినా జవాబు అక్కడితో అయిపోదు.

రూనీ వచ్చిన రోజున ఆ జట్టులో ఎవరెవరున్నారో గుర్తు చేసుకోండి. రాయ్ కీన్, పాల్ స్కోల్స్, రయన్ గిగ్స్, రూడ్ వాన్ నిస్టల్‌రూయ్. పక్కనే తన ఈడువాడు క్రిస్టియానో రొనాల్డో. మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా ఆ కుర్చీలో ఉన్నవాడు, ఆ తర్వాత ఇంకో తొమ్మిదేళ్లు ఉన్నవాడు. గోల్ కొట్టని వారం వచ్చినా రూనీకి మరుసటి వారం ఎవరి కింద ఆడతాడో తెలుసు, ఏ చోట ఆడతాడో తెలుసు, బంతి ఎవరి కాలి నుంచి వస్తుందో తెలుసు. పైగా ఆ మొదటి సీజన్‌లో యునైటెడ్‌కు ఒక్క కప్పూ రాలేదు. ఆ నెపం ఎవరూ కుర్రాడి నెత్తిన రుద్దలేదు.

మార్షియాల్ విషయం చూడండి. అతణ్ణి తెచ్చిన మేనేజర్ వాన్ గాల్‌ను, కప్పు గెలిచిన రెండు రోజులకే తీసేశారు. మొరీనియో వచ్చాడు, ఆయన వెంట ఇబ్రహిమోవిచ్ వచ్చాడు. మార్షియాల్ వేసుకున్న తొమ్మిదో నంబరు జెర్సీ ఇబ్రహిమోవిచ్‌కు పోయింది. తర్వాత సోల్షార్, ఆ తర్వాత రాంగ్నిక్, చివరికి టెన్ హాగ్. మధ్యలో కొన్ని మ్యాచ్‌లకు కూర్చున్న తాత్కాలికుణ్ణి వదిలేసినా అయిదుగురు మేనేజర్లు. ఒకరు ఎడమ అంచున ఆడమంటారు, ఒకరు మధ్యలో నిలబడమంటారు, ఒకరు బెంచీ మీద కూర్చోమంటారు. హోయ్‌లండ్‌కు రెండు సీజన్లలోనే టెన్ హాగ్ పోయి అమోరిమ్ వచ్చాడు, ఆటతీరే మారిపోయింది. వరుడు బాగానే ఉన్నాడు, ముహూర్తానికి ముహూర్తం పెళ్లిపెద్దలే మారిపోతుంటే సంసారం ఎలా నిలబడుతుంది?

ఇంకో సంగతి. ఫార్వర్డ్ పని చాలావరకు బంతి లేకుండా చేసే పని. తొంభై నిమిషాల్లో అతని కాలికి బంతి తగిలే క్షణాలు తక్కువ. డిఫెండర్ చూపు తప్పించి అడుగు వేయడం, పక్కవాడికి చోటు ఖాళీ చేయడం, రాని పాస్ కోసం పదిసార్లు పరుగెత్తి పదకొండోసారీ పరుగెత్తడం, ఇవన్నీ టీవీ తెర అంచుకు అవతల జరుగుతాయి. హోయ్‌లండ్ గోల్ లేని ఆ నాలుగు నెలల్లో రెండు వైపులా ఉన్న వింగర్లు లోపలికి తిరిగి తామే కొట్టడానికి మొగ్గేవారు. మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డ కుర్రాడికి బంతి అందడం అరుదు. స్కోరుబోర్డు మీద ఇదేమీ కనిపించదు.

దీనికి ఎదురు ఉదాహరణ ఆర్సెనల్‌లో ఉంది. 1999 వేసవిలో ఆ క్లబ్బు నికొలా అనెల్కాను రెండు కోట్ల పౌండ్లకు పైగా ధరకు రియల్ మాడ్రిడ్‌కు అమ్మింది. ఆ డబ్బులో సగంతో జువెంటస్ నుంచి థియెరీ హెన్రీని తెచ్చింది. వయసు ఇరవై రెండుకు దగ్గర. ఇటలీలో అతణ్ణి అంచున వింగర్‌గా ఆడించారు, అక్కడ కొట్టినవి మూడే గోల్స్. అలాంటివాణ్ణి మేనేజర్ ఆర్సెన్ వెంగర్ మధ్యలో స్ట్రైకర్‌గా నిలబెట్టాడు. మొదటి వారాల్లో బంతి గోల్‌లోకి తప్ప అన్ని వైపులకూ వెళ్లింది. అనెల్కా పోయి వీడొచ్చాడా అని గ్యాలరీల్లో గొణుగుడు. తొలి గోల్ సెప్టెంబరు 18న, సౌతాంప్టన్‌లో, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి కొట్టాడు. సీజన్ ముగిసేసరికి 26 గోల్స్. క్లబ్బులో మొత్తం లెక్క 228, ఇప్పటికీ ఆర్సెనల్ రికార్డు. 2011లో స్టేడియం బయట విగ్రహం వెలిసింది. వెంగర్ అతణ్ణి మొనాకోలో పదిహేడేళ్ల వయసు నుంచీ ఎరుగును. ఏం కొంటున్నాడో తెలిసి కొన్నాడు, గోల్స్ రాని వారాల్లోనూ ఆ చోటు నుంచి కదపలేదు.

ఇదంతా ఇంగ్లండ్ ముచ్చటే అనుకోకండి. మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కథ ఉంది. 1936లో పేద ఇంట పుట్టాడు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కంట పడ్డాడు. ప్రాక్టీసుకు రావడానికి తన దగ్గర డబ్బుల్లేవంటే సైకిల్ అద్దె రహీం సాబే ఇచ్చారని చెప్పుకుంటారు. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం ఉన్నాడు. మరుసటేడే కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతణ్ణి తీసుకుపోయింది.

ఈస్ట్ బెంగాల్ అభిమానులంటే, వాళ్లలో ఎంతోమంది దేశవిభజనలో ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు. పోయిన ఊరికి బదులు వాళ్లకు మిగిలింది ఆ క్లబ్బే. అంతకు కొన్నేళ్ల ముందే అక్కడ అహ్మద్ ఖాన్, అప్పారావు, సాలే, ధనరాజ్, వెంకటేశ్ అనే అయిదుగురు ఫార్వర్డ్‌లు ఆడారు. జనం వాళ్లను పంచపాండవులని పిలుచుకున్నారు. 1949 నుంచి వరసగా మూడేళ్లు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిపించిన వరస అది. అలాంటి చోటికి, భాష రాని ఊరికి, ఇరవై దాటీ దాటని కుర్రాడు వెళ్లాడు. వాళ్లతో పోల్చకుండా ఎవరూరుకుంటారు? బలరాం తట్టుకున్నాడు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించాడు. ఆ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ బంగారు పతకం, అర్జున అవార్డు. ఆ తర్వాత ఊపిరితిత్తుల జబ్బు వచ్చి చిన్న వయసులోనే ఆట మానాల్సి వచ్చింది. 2023లో కన్నుమూసేదాకా బెంగాల్‌లోనే, హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పారాలో ఉన్నాడు. ఆశలు మోయడానికి వెళ్లిన ఊరే అతనికి సొంతూరైంది.

బలరాంకూ రహీం ఉన్నాడు, పక్కన భారత జట్టులో పీకే బెనర్జీ, చునీ గోస్వామి ఉన్నారు. ఆ ముగ్గురి పేర్లూ నేటికీ కలిపే చెబుతారు. నిలదొక్కుకున్న కుర్రాడు ఎక్కడా ఒంటరిగా నిలబడలేదు.

అయితే అభిమాని ఆశపడటం మానెయ్యాలా? అక్కర్లేదు. ఆశే లేకపోతే క్లబ్బు ఒక వ్యాపారం, ఆటగాడు ఒక సరుకు. పంతొమ్మిదేళ్ల మార్షియాల్‌కు పాట కట్టింది అభిమాని ఆశే. పత్రికలు నవ్వుతున్నప్పుడు గ్యాలరీ అతని పక్కన నిలబడింది. ఆ బలం చిన్నది కాదు. చిక్కల్లా ధరతో వస్తుంది. ధర నిర్ణయించేది రెండు క్లబ్బుల పెద్దలు, కుర్రాడు కాదు. కానీ రెండు మ్యాచ్‌ల్లో గోల్ రాకపోతే, అన్ని కోట్లు పోసి తెచ్చినవాడు ఇంతేనా అన్న మాట అతని మొహం మీదే పడుతుంది. బేరం ఆడినవాడు పైన అద్దాల గదిలో కూర్చుని ఉంటాడు, అతని పేరు కూడా చాలామందికి తెలియదు.

కాబట్టి వచ్చే వేసవిలో మీ క్లబ్బు ఓ కుర్ర ఫార్వర్డ్‌ను తెస్తే తప్పకుండా సంబరపడండి. మరో హెన్రీ అనుకుంటే అనుకోండి, హెన్రీకీ వారాల తరబడి గోల్ రాలేదని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇతణ్ణి ఏ చోట ఆడించాలో తెలిసి కొన్నారా? ఇతనికి బంతి అందించేవాళ్లు జట్టులో ఉన్నారా? ఇతణ్ణి కోరి తెచ్చిన మేనేజర్ రెండేళ్ల తర్వాత అదే కుర్చీలో ఉంటాడా? ఈ మూడింటికీ అవునని జవాబొస్తే మీ ఆశకు ఆధారముంది. లేదని వస్తే, గోల్ లేని మ్యాచ్ తర్వాత మీరు వేసే ఈలలు మైదానంలో ఉన్న కుర్రాడికి కాకుండా పైనున్న ఆ అద్దాల గదికి వినిపించాలి.